ఆ ‘కొందరు’ ఎవరు?

పొద్దున ఆరున్నర కార్యక్రమం. వెనక నీలం తెర, ముందు కోటు వేసుకున్న బోధకుడు. వాక్యం (బైబిలు బోధ) దాని దారిన అది నడుస్తుంటే మధ్యలో ఒక మాట పడుతుంది: “కొందరు సేవకులున్నారు. పుస్తెలు, మెట్టెలు తీయించకుండానే బాప్తిస్మం ఇచ్చేస్తారు. కాదంటే కానుకలు తగ్గుతాయని భయం.” పన్నెండు సెకన్లు పట్టి ఉంటుంది. ఆయన మళ్ళీ తన వాక్యంలోకి వెళ్ళిపోతాడు. కింద ఫోన్ నంబరు పట్టీ నడుస్తూనే ఉంటుంది.

ఆ మాట పుట్టింది హైదరాబాదు స్టూడియోలో. ఆయన మనసులో ఉన్నది బహుశా అదే ఛానల్లో ఏడు గంటలకు వచ్చే ఇంకో బోధకుడు. ఆదివారం అది వచ్చి తగిలేది మాత్రం కల్వకుర్తి పక్క ఊళ్ళో ఉన్న ఎం.బి. (మెనొనైట్ బ్రదరెన్) చర్చి పాస్టరు అయ్యగారికి. ఆరాధన అయిపోయాక చెప్పులు తొడుక్కుంటూ ఓ పెద్దమ్మ అడుగుతుంది: “అయ్యగారూ, గా టీవీల జెప్పింది మీ గురించేనా?” అడిగినామె కాళ్ళకూ మెట్టెలున్నాయి, పక్కన నిలబడ్డ అమ్మగారి కాళ్ళకూ ఉన్నాయి. మన దిక్కు చాలా క్రైస్తవ పెళ్ళిళ్ళలో పుస్తె కడతారు, కాకపోతే దాని మీద సిలువ గుర్తు ఉంటుంది. ఈ సంగతి స్టూడియోలో ఆయనకూ తెలుసు.

క్రైస్తవ టీవీ కార్యక్రమాల మీద వినబడే ఫిర్యాదుల్లో ఒకటి, వీళ్ళు ఒకళ్ళనొకళ్ళు విమర్శించుకుని పరువు తీస్తున్నారని. నా మాట దానికి అడ్డంగా ఉంటుంది. విమర్శించుకోనివ్వండి, కానీ పేరు పెట్టి విమర్శించుకోమనండి. పేరున్న విమర్శ ఎవరికి చెందాలో వాళ్ళ దగ్గరికే పోతుంది. ‘కొందరు’ అని వదిలిన మాట దగ్గర్లో ఎవరు దొరికితే వాళ్ళ మీద పడుతుంది. టీవీ చూసే ఇంటికి అందరికంటే దగ్గర్లో దొరికేది ఆ ఊరి కాపరే, అంటే పాస్టరే.

తాలూకాలు పంచుకున్న రోజులు

సంఘాల మధ్య పోటీ టీవీతో పుట్టింది కాదు. కాకపోతే ఒకప్పుడు దానికి హద్దు రాళ్ళుండేవి. 1890లో నల్లగొండకు వచ్చి స్థిరపడ్డ ఫ్రీసెన్ దంపతులు రష్యా నుంచి వచ్చిన మెనొనైట్ బ్రదరెన్ వాళ్ళు. పని చేసింది మాత్రం అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద. అంటే నల్లగొండలో మొదటి మిషన్ బంగళానే రెండు పేర్లతో మొదలైంది. 1899లో అమెరికా నుంచి వచ్చిన మెనొనైట్ బ్రదరెన్ వాళ్ళు తర్వాత నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి వైపు విస్తరించారు. మెదక్ దిక్కు వెస్లియన్లు, డోర్నకల్ దిక్కు ఆంగ్లికన్లు. ఒకరి పొలంలో ఇంకొకరు నాగలి పెట్టకూడదన్నది మిషన్ల ఒప్పందం. మహబూబ్‌నగర్ మొదట బాప్టిస్టులది, 1937లో మెనొనైట్ బ్రదరెన్‌కు అప్పగించారు. మిషన్లు మారాయి, కింద కూర్చున్న జనం మారలేదు. ఇద్దరూ ముంచే బాప్తిస్మమే ఇస్తారు కాబట్టి నీళ్ళ దగ్గర పేచీ కూడా రాలేదు.

ఆ ఏర్పాటు గొప్పదని అనను. ఏ తాలూకాలో పుడితే ఆ మిషన్‌లో ఉండాలనడం కులం లాంటిదే ఒక రకంగా. తర్వాత ఏ మిషన్‌కూ చెందని హెబ్రోను వాళ్ళొచ్చారు, పెంతెకోస్తు వాళ్ళొచ్చారు. ఆ ఒప్పందం మీద వాళ్ళెవరూ సంతకం పెట్టినవాళ్ళు కాదు. 1950లో బోధకుడు భక్తసింగ్ గారు హైదరాబాదులో హెబ్రోను పెట్టాక, మిషన్ పేర్లతో సంఘాలుండటమే వాక్యానుసారం కాదని మన పల్లెల్లో కూడా తిరిగి చెప్పారు. తగాదాలు అయ్యాయి, కుటుంబాలు చీలాయి. అయితే చెప్పినవాడు వాకిట్లో నిలబడి చెప్పాడు. “మరి ఈ వచనం సంగతేంది?” అని తిరిగి అడిగే వీలుంది. మళ్ళీ బుధవారం అదే మనిషి అదే తొవ్వన పోవాలి కాబట్టి అడిగినదానికి జవాబు వెతుక్కుని రావాలి. టీవీలో ‘కొందరు’ అన్నాయనకు బుధవారం అదే తొవ్వన వచ్చే పని లేదు.

అరగంట స్లాటులో ఏం పడుతుంది

ఈ సూటిపోటి మాటలకు బోధకుల గుణం కారణమని నేను అనుకోను. స్లాటు కొలతలు చూస్తే సగం అర్థమవుతుంది.

అరగంట స్లాటు అంటే చేతికి వచ్చేది ఇరవై ఆరు నుంచి ఇరవై ఎనిమిది నిమిషాలు. మిగతాది ఛానల్ వాళ్ళ ప్రకటనలకు, లోగోకు. అందులో టైటిల్ ఒక నిమిషం, పాట నాలుగైదు నిమిషాలు, చివర ప్రార్థన మూడు, రాబోయే కూటాల వివరాలు, చిరునామా ఇంకో రెండు. వాక్యానికి మిగిలేది పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు. బాప్తిస్మం తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలోనా, యేసు నామంలోనా అన్న ఒక్క ప్రశ్నకు మత్తయి 28:19, అపొస్తలుల కార్యములు 2:38 పక్కపక్కన పెట్టి, రెండు వైపులా న్యాయంగా చెప్పాలంటే గంట చాలదు. ‘కొందరు ఇలా తప్పుగా చేస్తారు’ అనడానికి పన్నెండు సెకన్లు చాలు.

పైగా ఒక్క రోజులో నాలుగు ఎపిసోడ్లు తీస్తారు. స్టూడియో అద్దె రోజు లెక్కన కదా. నాలుగు చొక్కాలో, నాలుగు కోట్లో తెచ్చుకుని మార్చుకుంటూ నాలుగు వారాలవి ఒకేసారి ముగిస్తారు. (పచ్చ తెర ముందు పచ్చ చీర కట్టుకున్న అమ్మగారు తలా చేతులూ తప్ప మాయమైపోవడం, పైట రాపిడికి కాలరు మైకులో బరబర శబ్దం రావడం, ఇవన్నీ మొదటి నెల తిప్పలు. రెండో నెలకు అందరూ నేర్చుకుంటారు.) అసలు తిప్పలు తర్వాత వస్తాయి. ‘ఈ బోధలో తప్పేమిటో వచ్చే వారం చూద్దాం’ అని మొదటి భాగం ఆపుతారు. ఛానల్లో ఫైళ్ళ వరస తారుమారై జవాబు ముందొచ్చి ప్రశ్న తర్వాత వస్తుంది. లేదా స్లాటు డబ్బు కట్టడం ఆలస్యమై రెండో భాగం రానే రాదు. ఆరోపణ ఊళ్ళో ఉండిపోతుంది, వివరణ హార్డ్ డిస్కులో ఉండిపోతుంది.

పేరు ఎందుకు పెట్టరంటే, ఆరు గంటల స్లాటు ఒకరిది, ఆరున్నర ఇంకొకరిది, ఏడు మరొకరిది. ముగ్గురూ ఒకే ఛానల్‌కు కిరాయిదార్లు. ఈ ఛానళ్ళు ఉచితం, చూసేవాళ్ళ దగ్గర పైసా రాదు. 2019 ఫిబ్రవరి నుంచి ట్రాయ్ (టీవీ ధరల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) కొత్త లెక్క వచ్చాక కూడా, జీఎస్టీతో కలిపి 153 రూపాయల 40 పైసల కనీస ప్యాకులో ఈ ఉచిత ఛానళ్ళు వచ్చేవి. ఛానల్ పెట్టాలంటే, వార్తలు కానిదైనా సరే, కంపెనీకి కనీసం ఐదు కోట్ల నికర ఆస్తి చూపాలి. ఆపైన ఉపగ్రహం ఖర్చు, కేబుల్ వాళ్ళ ఖర్చు. ఇదంతా రావలసింది స్లాటు కిరాయిల నుంచే. ఒక కిరాయిదారు ఇంకో కిరాయిదారును పేరు పెట్టి తిడితే యజమాని ఊరుకోడు. పేరు లేకుండా అంటే ఎవరూ ఖాళీ చేసి పోరు. కాబట్టి ‘కొందరు’ అన్న మాటను మర్యాద అనుకుంటే పొరపాటు. అది కిరాయి ఒప్పందంలోంచి పుట్టిన వ్యాకరణం.

గురి ఒకచోట, దెబ్బ ఒకచోట

ఒక్కో సూటిపోటి మాట మన జిల్లాలకు వచ్చేసరికి ఎలా మారిపోతుందో చూడండి.

‘నీళ్ళు చల్లి బాప్తిస్మం అనేవాళ్ళు’ అన్న మాట పాలమూరులో పెద్దగా తగలదు, ఎం.బి. వాళ్ళూ బాప్టిస్టులూ ముంచేవాళ్ళే. అందుకని ఇక్కడ పనికొచ్చే మాట ఇంకోటి: ‘మీరు మునిగారు గానీ సరైన నామంలో మునగలేదు.’ ఒకసారి మునిగినవాళ్ళను రెండోసారి ముంచడం, పల్లెల్లో ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి మనుషులు మారే దారి ఇదే. ఇందులో ఒక తమాషా ఉంది. అసలు మెనొనైట్ల పుట్టుకే రెండో బాప్తిస్మం. 1525 జనవరిలో జూరిక్‌లో, పసితనంలో ఇచ్చినది చెల్లదని పెద్దయ్యాక మళ్ళీ తీసుకున్నవాళ్ళ వారసులు వీళ్ళు. వాళ్ళలోంచి 1860లో విడిపోయి, కుమ్మరించడం వద్దు ముంచడమే సరి అన్నవాళ్ళు మెనొనైట్ బ్రదరెన్. ఆ వంశం కాపరి, తన సభ్యుణ్ణి ఎవరో మళ్ళీ ముంచారని బాధపడేటప్పుడు వాదనలో ఆయన పక్షం నేనంత గట్టిగా పట్టుకోలేను. బాధలో మాత్రం పట్టుకుంటాను.

స్వస్థత గురించిన మాట ఇంకా కఠినం. ‘కొందరి సంఘాల్లో రోగులు ఎందుకు బాగుపడరు? అభిషేకం (పరిశుద్ధాత్మ శక్తి) లేదు కాబట్టి.’ మర్రిగూడ ప్రాంతంలో ఇది విన్న కాపరి పరిస్థితి ఊహించండి. ఆయన ముందు వరసలో వెన్ను వంగిపోయినవాళ్ళు కూర్చుంటారు. దానికి కారణం బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పనికిరాని నీళ్ళను ఏళ్ళ తరబడి తాగితే ఎముకల్లో, కీళ్ళలో పేరుకుని బిగుసుకుపోతాయి. అలా వంగిన ఎముక మళ్ళీ తిన్నగా అవదు. కొత్తగా ఎవరికీ రాకుండా ఆపేది కృష్ణా నీళ్ళ పైపు. ‘ప్రార్థన చేస్తే నొప్పి పోయింది’ అని తెర మీద ఒకరు సాక్ష్యం చెబితే, నొప్పి ఆ పూట తగ్గి ఉండొచ్చు, నేను కాదనను. కానీ ‘బాగుపడనిది ఆ కాపరి వల్ల’ అన్న ధ్వని ఉంది చూశారూ, దానికి జవాబు చెప్పే చోటే లేదు. ఎవరి గురించి అన్నారో తెలియనిదానికి ఎవరు జవాబు చెప్తారు?

శనివారమా ఆదివారమా, దశమభాగమా ఇష్టపూర్వక కానుకా, ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం) వారం వారమా నెలకోసారా, ఇవన్నీ ఇదే తీరు. కతోలికుల మీద ‘స్వరూపాల’ (విగ్రహాల) మాట వస్తే కనీసం వాళ్ళకొక బిషపు ఉన్నాడు, 1976 నుంచి నల్లగొండ పీఠం ఉంది, జవాబు ఫలానా చోటు నుంచి రావాలని తెలుసు. ఒంటరి పల్లె కాపరికి ఆ వెసులుబాటు లేదు. ఆయన జవాబు వచ్చే ఆదివారం నలభై మందికి చేరుతుంది. మాట తగిలి మానేసిన కుటుంబం ఆ నలభైలో ఉండదు.

ఆ కుటుంబం ఎప్పుడు తిరిగి వస్తుందంటే, ఎక్కువగా చావుకో పెళ్ళికో. టీవీ చూసి ఇంట్లోనే ఆరాధన చేసుకుంటున్నవాళ్ళకు, కొత్తగా రేకుల షెడ్డులో మొదలైన సంఘాలకు చాలాచోట్ల సమాధుల స్థలం ఉండదు. ఉన్నది పాత మిషన్ కాంపౌండు వాళ్ళకే. శవాన్ని ఇంటి ముందు పెట్టుకుని కొడుకులు పెద్దల దగ్గరికి వస్తారు. పెద్దలు చందా పుస్తకం తీస్తారు: “మూడేండ్ల సంది బాకీ ఉంది, సభ్యత్వం తీసేసినం.” ఇక్కడ పాత సంఘం వాళ్ళ తప్పు తక్కువేం కాదు. చందా పుస్తకం చూపించి గుంత తవ్వనివ్వకపోవడాన్ని ఏ వచనంతో సమర్థిస్తారో నాకు తెలియదు. చివరికి అయ్యగారే మధ్యన పడి, సగం బాకీ తన జేబులోంచి కట్టి, ప్రార్థన చేసి పూడ్పిస్తారు. ఆయన గురించే ‘అభిషేకం లేనివాడు’ అని ఆ ఇంట్లో టీవీ మూడేళ్ళుగా చెబుతూ వచ్చింది.

పెళ్ళీ అంతే. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్ళి చేయాలంటే గురుపట్టాభిషేకం పొందినవాడో, ప్రభుత్వ లైసెన్సు ఉన్నవాడో, మ్యారేజ్ రిజిస్ట్రారో కావాలి. మామూలుగా పొద్దున ఆరింటికి, సాయంత్రం ఏడింటికి మధ్యనే జరగాలి, రిజిస్టరులో సంతకాలుండాలి. టీవీలో కనిపించే నంబరుకు ఫోన్ చేస్తే పెళ్ళి కోసం ప్రార్థన దొరుకుతుంది, సర్టిఫికెట్ దొరకదు.

పేరు పెడితే గొడవలు పెరగవా?

పెరగొచ్చు. ఈ సందేహం నాకు మొదటినుంచీ ఉంది. తెలంగాణలో 2011 జనాభా లెక్కల ప్రకారం క్రైస్తవులు నూటికి ఇద్దరు కూడా లేరు. ఇంత చిన్న గుంపు నలుగురి ముందు పేర్లు పెట్టుకుని వాదించుకుంటే చూసి నవ్వేవాళ్ళు, వాడుకునేవాళ్ళు ఉంటారు. ‘ఇంటి గుట్టు’ వాదన బరువైనదే. కాకపోతే గుట్టు ఇప్పటికే దాగడం లేదు. ‘కొందరు’ అన్నా ఊరంతా వింటోంది, అర్థం కానిది ఎవరు అన్నది మాత్రమే.

చట్టం సంగతి చెబితే, పేరు పెడితే పరువు నష్టం కేసు పడుతుందని భయపెడతారు. సిద్ధాంతాన్ని విమర్శించడానికీ మనిషిని దొంగ అనడానికీ తేడా ఉంది. ‘ఫలానా బోధకుడు ఫలానా తేదీ ప్రసంగంలో త్రిత్వం గురించి ఇలా అన్నాడు, అది నాకు తప్పుగా తోస్తోంది, కారణం ఇది’ అన్నది వాదన. ‘కానుకలు మింగాడు’ అంటే చేతిలో లెక్కల కాగితం ఉండాలి. కేబుల్ టీవీ నియమాల్లో కార్యక్రమాల కోడ్ ఆరో నియమం మతాల మీద దాడిని, మత సమూహాలను కించపరిచే మాటల్ని, మూఢనమ్మకాన్ని ప్రోత్సహించడాన్ని వద్దంటుంది. 2021 సవరణ తర్వాత ఛానల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. ఛానల్ పేరు, తేదీ, సమయం, అన్న మాట ఉన్నదున్నట్టు రాయాలి. కానీ ఫిర్యాదులో ‘నన్ను అన్నారు’ అని రాయాలంటే అన్నట్టు కనబడాలి కదా. ఆ దారి కూడా ‘కొందరు’ దగ్గరే ఆగిపోతుంది.

వాక్యం ప్రకారం చూస్తే పౌలు రెండు రకాలా చేశాడు. ఫిలిప్పీయులకు రాస్తూ, అసూయతో ప్రకటించేవాళ్ళ గురించి ‘కొందరు’ అనే ఊరుకున్నాడు. అది నా వాదనకు ఎదురే. కానీ అక్కడ ఆయన వాళ్ళను ఖండించడం లేదు, ఎలాగైనా క్రీస్తు ప్రకటింపబడుతున్నాడని సంతోషిస్తున్నాడు. ఖండించాల్సి వచ్చినప్పుడు అంతియొకయలో కేఫాను (పేతురును) ముఖాముఖి ఎదిరించానని పేరుతో సహా రాశాడు. తిమోతికి రాసినదాంట్లో హుమెనైయు, ఫిలేతు పేర్లు పెట్టి, వాళ్ళ బోధలో తప్పేమిటో కూడా ఒక్క వాక్యంలో చెప్పాడు.

యూట్యూబు చూపించి నన్ను ఓడించవచ్చు. 2016లో జియో వచ్చాక పోరు సగం ఫోన్‌లోకి మారింది, అక్కడ పేర్లు పెట్టే తిట్టుకుంటున్నారు. ఫొటో మీద ఎర్ర గుర్తు కూడా గీస్తున్నారు. దానివల్ల మంచి జరిగిందా? జరగలేదు. నలభై ఐదు నిమిషాల ప్రసంగంలోంచి నలభై సెకన్లు కోసి, ముందువెనకలు లేకుండా చూపిస్తారు. అవతలివాళ్ళు మా వీడియో వాడారని యూట్యూబుకు ఫిర్యాదు చేసి కాపీరైట్ స్ట్రయికు వేస్తారు. తొంభై రోజుల్లో మూడు పడితే ఛానల్ పోతుంది కాబట్టి అదొక ఆయుధం. నిజానికి విమర్శ కోసం కొంత భాగం చూపించడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షను అనుమతిస్తుంది. కాబట్టి పేరు ఒక్కటే చాలదని ఒప్పుకుంటున్నాను. తేదీ, పూర్తి ప్రసంగం లింకు, ఏ నిమిషంలో అన్నాడో కూడా చెప్పాలి.

ముఖాముఖి చర్చలు పెట్టుకునేవాళ్ళు కొంత దారి చూపించారు. అంశం ఒక్క వాక్యంలో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెడతారు. చెరో అరగంట ప్రసంగం, చెరో పది నిమిషాల ఖండన, గడియారం మూడో మనిషి చేతిలో. చెడేది ఎక్కడంటే వీడియో దగ్గర. ఎవరి కెమెరా వాళ్ళు తెచ్చుకుంటారు, ఇంటికెళ్ళి అవతలివాడి ఖండన కోసేసి ‘నోరు మూయించిన దైవజనుడు’ అని పెడతారు. ఒకే కెమెరా, కోయని ఫైలు అదే సాయంత్రం ఇద్దరి పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి, ఎక్కిందని కూడా సంతకం పెట్టించుకుంటే ఈ బెడద చాలా తగ్గుతుంది.

పల్లె కాపరికి ఇదంతా అందే పని కాదు. ఆయన చేయగలిగింది ఒకటుంది. టీవీలో మాట విన్నానని ఎవరైనా వస్తే ఏ ఛానల్, ఏ రోజు, ఎన్ని గంటలకు అని ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, స్పీకరు పెట్టి, పట్టీలో కనిపించే నంబరుకే ఫోన్ చేయాలి. “ఫలానా రోజు మీ బోధకుడు ‘కొందరు సేవకులు’ అన్నాడు. వాళ్ళెవరో చెప్పగలరా?” అని మర్యాదగా అడగాలి. ఫోన్ ఎత్తే పిల్ల మర్యాదగానే మాట్లాడుతుంది. ఆమె ముందున్న ఫారంలో నాలుగు గడులుంటాయి: పేరు, ఊరు, ఫోన్ నంబరు, ప్రార్థన అంశం. ఈ ప్రశ్న ఏ గడిలో రాయాలో తెలియక, కాసేపాగి ఆమె అడుగుతుంది: “మీ ప్రార్థన అంశం ఏంటండీ?”